మాట పడిపోయినవాళ్ల ఇంటి నుంచి స్పీచ్ థెరపిస్టుల సంఘాలకు బహిరంగ లేఖ

విజయవాడ

స్పీచ్ థెరపీ, ఆడియాలజీ వృత్తుల్లో ఉన్న పెద్దలకు, మీ సంఘాల బాధ్యులకు,

నమస్కారం.

మాది విజయవాడ సింగ్‌నగర్. మా నాన్నగారు ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. 2024 సంక్రాంతి వెళ్లిన వారానికి ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు లాగేశాయి. మాట పడిపోయింది. కాలు చాలావరకు తిరిగొచ్చింది, చెయ్యి కొంత వచ్చింది. మాట మాత్రం ఇప్పటికీ పది, పన్నెండు పదాల దగ్గరే ఆగి ఉంది.

మా నాన్నకి వారానికి రెండు రోజులు థెరపీ చేసిన అమ్మాయి ఓపిక నేను కళ్లారా చూశాను. ఒక్క ‘నీళ్లు’ అనే మాట కోసం ఆమె నలభై నిమిషాలు కూర్చున్న రోజులున్నాయి. ఆ ఓపికకి దండం పెట్టి చెబుతున్నాను, నా బాధ మీలో ఏ ఒక్కరి మీదా కాదు. కానీ ఇక్కడ రాస్తున్న విషయాలే మీ సంఘాల్లో ఒకదానికి రెండుసార్లు ఉత్తరంలో రాశాను, ఒకసారి మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో అర్జీ ఇస్తే, పదిహేను రోజులకి ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎవరూ ఇంటికి రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. అందుకే ఇప్పుడు నలుగురిలో పెట్టి అడుగుతున్నాను.

నేను అడిగేది ఒక్కటే. మాట పోయిన మనిషికి మాట నేర్పడం సగం పని. ఆ మనిషి ఎదురుగా నిలబడ్డ నర్సుకి, బ్యాంకు క్లర్కుకి, సచివాలయం ఉద్యోగికి, ఆటో డ్రైవర్‌కి వినడం నేర్పడం మిగతా సగం. ఆ రెండో సగం ఎలా చెయ్యాలో తెలిసినవాళ్లు మీరు తప్ప ఊళ్లో ఇంకెవరూ లేరు. అది క్లినిక్‌లో ఒక్కో థెరపిస్టు విడివిడిగా చేస్తే అయ్యేది కాదు, సంఘం భుజాన వేసుకోవాలి. అలా వేసుకోకపోతే మామూలు ఇళ్లల్లో ఏం జరుగుతోందో, మా ఇంట్లో జరిగినవీ మా చుట్టుపక్కల చూసినవీ వరసగా చెబుతాను.

1. మాటకి వైద్యం ఉందని మాకెవరూ చెప్పలేదు.

నాన్న తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. డిశ్చార్జి కాగితంలో ఆరు రకాల మందులు, ఫిజియోథెరపీ, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ, అన్నీ రాశారు. మాట గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే “అదే వస్తుందిలేమ్మా, టైం పడుతుంది” అన్నారు. మేమూ టైం పడుతుందనే కూర్చున్నాం. నాలుగో నెలలో, ఫిజియోథెరపీ గది బయట బెంచీ మీద మాలాగే ఎదురుచూస్తున్న ఒకావిడ చెబితే తెలిసింది, దీనికి వేరే థెరపీ ఉంటుందని. ఇలా మాట పడిపోవడానికి ‘అఫేజియా’ అని పేరుందని మొదటిసారి ఆ తర్వాతి వారం విన్నాం. పక్షవాతం తర్వాత మాట త్వరగా కోలుకునేది మొదటి మూడు నెలల్లోనేనని కూడా అప్పుడే విన్నాం. ఆ మూడు నెలలూ మేం ఊరికే పోగొట్టుకున్నాం.

తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. చాలామందికి మాటని నడిపే భాగాలు మెదడులో ఎడమ పక్క ఉంటాయి. అక్కడ రక్తప్రసరణ ఆగితే కుడి కాలూ చెయ్యితో పాటు మాటా దెబ్బతింటుంది. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి ఇలా జరుగుతుంది. ఇది మతి పోవడం కాదు, చెవుడు కాదు. చెప్పాల్సింది లోపల ఉంటుంది, దానికి సరిపోయే మాట దొరకదు. కొందరికి ఎదుటివాళ్లు గబగబా చెబితే అందదు. చదవడం, రాయడం కూడా దెబ్బతింటాయి. అందుకే ‘మాట రాకపోతే రాసి చూపించమనండి’ అని సలహా ఇచ్చేవాళ్లకి ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు.

ఒక సాయంత్రం నాన్న వరండాలో కూర్చుని ఉన్నారు. నా పేరు చెప్పమంటే నోరు తెరిచి, కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నారు. రావడం లేదు. నేను వేరే ఏదో మాట్లాడుతూ “బెంజి సర్కిల్” అన్నాను. అంతే, “ఆటోనగర్, కామయ్యతోపు, కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు...” అని కంకిపాడు దాకా ఎక్కడా తడుముకోకుండా చెప్పేశారు. ఆ గొంతు అచ్చం డ్యూటీలో ఉన్నప్పటి గొంతే. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మేమిద్దరం మాట వచ్చేసిందనుకున్నాం. తర్వాత థెరపీ అమ్మాయి చెప్పింది, ఏళ్ల తరబడి నోటికి అలవాటైన వరసలు, అంకెలు, వారాల పేర్లు, పాటలు ఇలాంటివాళ్లలో చాలామందికి మిగిలి ఉంటాయని, వాటిని పట్టుకునే మిగతా మాటల దగ్గరికి నడిపించాలని. ఆ సంగతి మొదటి వారంలోనే మాకు తెలిసి ఉంటే ఎన్ని సాయంత్రాలు కలిసొచ్చేవి!

2. మింగడం కూడా మీ పనేనని తెలియక మా నాన్నకి నిమ్ము చేసింది.

ముక్కులో గొట్టం తీసేసి ఇంటికి పంపారు. అమ్మ గ్లాసుతో మంచినీళ్లు తాగించింది. పొలమారింది. ప్రతిసారీ పొలమారుతుంటే, ఎవరో తలుచుకుంటున్నారని మాడు మీద తట్టింది. పన్నెండో రోజుకి జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు, ఆహారం పోయి నిమ్ము చేసిందన్నారు. మళ్లీ వారం రోజులు ఆసుపత్రి, మళ్లీ అప్పు. పక్షవాతం వచ్చిన మనిషికి మింగడం పరీక్ష చేశాకే నోటి ద్వారా ఇవ్వాలని, ఎంత చిక్కగా ఇవ్వాలో, తల ఎలా పెట్టాలో స్పీచ్ థెరపిస్టు చూసి చెబుతారని ఆ తర్వాత తెలిసింది. మీ పేరులో ‘స్పీచ్’ ఉండటం వల్ల మింగడానికీ మీకూ సంబంధం ఉందని ఇళ్లల్లోవాళ్లెవరూ ఊహించరు. మీరే చెప్పాలి.

3. బ్యాంకులో బతికున్న మనిషిని పక్కన పెట్టేశారు.

కుడి చెయ్యి పడిపోయాక సంతకం మారిపోయింది. పింఛను డబ్బులు తీయడానికి నాన్నని ఆటోలో తీసుకెళ్లాను. కౌంటర్‌లో ఉన్నాయన “పేరు చెప్పండి” అన్నారు. నాన్న ప్రయత్నిస్తున్నారు. మూడు సెకన్లు కూడా ఆగలేదు, నా వైపు తిరిగి “ఈయనకి తెలివి లేదు కదమ్మా, గార్డియన్ కాగితం తెచ్చుకోండి” అన్నారు. నాన్నకి ఆ మాట పూర్తిగా అర్థమైంది. 31 ఏళ్లు టిక్కెట్టు డబ్బులు పైసాతో సహా లెక్క అప్పజెప్పిన మనిషి. ఎడమ చేత్తో కౌంటర్ మీద కొట్టారు. “చూశారా, కంట్రోల్ లేదు” అన్నారు పక్కనున్నవాళ్లు. ఆ రోజు తర్వాత ఆయన మూడు నెలలు గడప దాటలేదు.

సంతకం పెట్టలేని ఖాతాదారు వేలిముద్ర వేస్తే చాలని, దానికి ఇద్దరు సాక్షులుండాలని, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. అది నేను తర్వాత వెతికి ప్రింటు తీసుకెళ్లి చూపించాక పని జరిగింది. కానీ నిబంధన ఉంటే సరిపోదు. ‘అవును, కాదు’ అని జవాబు వచ్చేలా ఒక్కో ప్రశ్నే అడగడం, పది సెకన్లు ఆగడం, ముఖ్యమైన మాట కాగితం మీద పెద్దగా రాసి చూపించడం, కూతురిని కాకుండా మనిషినే చూసి మాట్లాడటం ఆ క్లర్కుకి ఎవరైనా ఒక్క గంట నేర్పి ఉంటే ఆ రోజు అలా జరిగేది కాదు. ఆయన చెడ్డవాడని నేననను. ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

4. సర్టిఫికెట్‌లో కాలు ఉంది, మాట లేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. వాటిలో ‘మాట, భాషా వైకల్యం’ వేరుగా ఉంది. అఫేజియా వల్ల గానీ, స్వరపేటిక తీసేయడం వల్ల గానీ శాశ్వతంగా మాట పోతే అది ఇందులోకే వస్తుందని చట్టంలోనే రాశారు. అయినా వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపుకి వెళ్లేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. మా వీధిలో టైలరింగ్ చేసుకునే ఒకావిడకి కాలి శాతం మాత్రమే రాశారు, 40కి తగ్గింది, పింఛను రాలేదు. ఆమెకి పోయింది ముఖ్యంగా మాట. మాట పరీక్ష చేయించమని అడగాలని ఆమెకి తెలియదు, అడగడానికి ఆమెకి మాటే లేదు. నెలకి 6,000 రూపాయలంటే ఆ ఇంటికి అద్దె, బియ్యం.

5. వరదలో మాట లేకపోతే ఏమవుతుందో మేం చూశాం.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది. నేను ముందు రోజే గుంటూరులో చెల్లి ఇంటికి వెళ్లి అక్కడ ఇరుక్కుపోయాను. ఇంట్లో నాన్న, అమ్మ. అమ్మకి షుగరు. మేముండేది మొదటి అంతస్తు కాబట్టి నీళ్లు పైకి రాలేదు గానీ, కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, తాగడానికి నీళ్లు లేవు. రెండో రోజుకి అమ్మ కళ్లు తిరిగి పడిపోయింది.

బోట్లు వీధుల్లో తిరుగుతున్నాయి. మేడల మీద నుంచి జనం కేకలు వేసి పిలుస్తున్నారు. కేక వేసినవాళ్ల దగ్గరికి బోటు పోతోంది. నాన్న కేక వేయలేరు. ఎడమ చేత్తో తువ్వాలు ఊపారట, ఆ గోలలో ఎవరూ చూడలేదు. ఒక బోటు మా ఇల్లు దాటి పోయింది. అప్పుడు ఆయన లోపలికి వెళ్లి, బీరువా కింది సొరుగులోంచి తన డ్యూటీ విజిల్ తీశారు. ముఖం కుడి పక్క ఇంకా వంకరగానే ఉంది. ఎడమ పెదవి చివర పెట్టుకుని, పొడవుగా ఒకటే విజిల్ ఊదారు. బస్సులో ఒక విజిల్ అంటే ‘ఆపు’ అని. బోటు ఆగింది. ఆ కుర్రాళ్లలో ఒకడు తర్వాత నాకు చెప్పాడు, “పైన ఎవరో పోలీసాయన ఉన్నాడనుకున్నామక్కా” అని.

కథ అక్కడ అయిపోలేదు. అమ్మని నేరుగా ఆసుపత్రికి పంపారు. నాన్నని పునరావాస కేంద్రంలో దింపారు. అక్కడ పేరు, వార్డు నంబరు, ఎవరి తాలూకు అని అడిగారు. చెప్పలేకపోయారు. ‘మూగాయన’ అని రాసి ఒక మూల కూర్చోబెట్టారు. అన్నం పెట్టారు, మంచిగానే చూశారు. కానీ ఆయన ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు, అమ్మ ఎక్కడుందో ఆయనకి తెలియదు. బీపీ మాత్ర సంగతి చెప్పే దారి లేదు. మర్నాడు మధ్యాహ్నం నేను మూడు కేంద్రాలు తిరిగి వెతుక్కుంటే దొరికారు. నన్ను చూసి ఆయన వేళ్లతో అమ్మ మంగళసూత్రం గుర్తు చూపించి, ప్రశ్నలా తల ఎగరేశారు. ఆ రోజు ఆయన జేబులో నాలుగు లైన్ల కార్డు ఒకటి ఉండి ఉంటే చాలు.

డ్రోన్లతో అన్నం పొట్లాలు వేసిన ఊరు మనది. ఒక అట్టముక్క మీద నాలుగు లైన్లు అచ్చు వేయించలేమా?

6. పిల్లలకి ‘వస’ పోసి ఊరుకుంటున్నారు.

మాటలు ఆలస్యమైతే వస కొమ్ము అరగదీసి నాలిక్కి రాయడం మన ఇళ్లల్లో ఉన్నదే. రాయనివ్వండి, దాని మీద నాకు తగువు లేదు. కానీ ‘వాళ్ల మేనమామకీ నాలుగేళ్లకే మాటలొచ్చాయి’ అని అందరూ ధైర్యం చెబుతూ ఏళ్లు గడిపేస్తున్నారు. మా పై పోర్షన్‌లో బాబుకి అసలు వినపడటం లేదని నాలుగో ఏడు దాటాక బయటపడింది. ఏడాదికల్లా ఒకటో రెండో మాటలు, రెండేళ్లకి ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ లాంటి రెండు పదాల ముక్కలు రాకపోతే చెవి పరీక్ష చేయించమని అంగన్‌వాడీ గోడ మీద తెలుగులో ఒక బొమ్మ ఉంటే ఆ తల్లి రెండేళ్ల ముందే మేల్కొనేది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. దాని కింద జిల్లా కేంద్రంలో పెట్టే సత్వర చికిత్సా కేంద్రంలో స్పీచ్ థెరపిస్టు ఉండాలని ఆ పథకంలోనే ఉంది. ఈ సంగతి తెలిసిన తల్లిని నేనింతవరకు మా వీధిలో చూడలేదు.

ఇక బొమ్మల అట్ట గురించి చెప్పాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు దీని మీదే ఎక్కువ పట్టుదల.

మాట రానివాళ్లు వేలితో చూపించి చెప్పడానికి బొమ్మల అట్టలు ఉంటాయి కదా. మాకు మొదట ఇచ్చింది ఎక్కడో విదేశంలో చేసింది. అందులో శాండ్‌విచ్ ఉంది, బాత్‌టబ్ ఉంది, మంచులో వేసుకునే కోటు ఉంది. మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. నాన్న దాన్ని రెండుసార్లు చూసి తోసేశారు. ‘సహకరించడం లేదు’ అని ఫైల్లో రాశారు. అప్పుడు మా అమ్మాయి పదో తరగతి సెలవుల్లో కూర్చుని వేరేది చేసింది. మజ్జిగ, పెరుగన్నం, లుంగీ, పేపరు, ఫ్యాను, దుర్గమ్మ గుడి, బ్యారేజీ, మాత్రలు, ‘నొప్పి’, ‘వద్దు’, ‘నన్ను కాసేపు వదిలెయ్యండి’. ఈ చివరిది నాన్న కోపం చూసి అమ్మ పెట్టించింది. మొదటి రోజే ఆయన బ్యారేజీ మీద వేలు పెట్టారు, తర్వాత పేపరు మీద, తర్వాత మళ్లీ బ్యారేజీ మీద. పావుగంట అడిగితే తేలింది, గేట్లు ఎత్తారా అని అడుగుతున్నారు. పక్షవాతం వచ్చాక ఆయన మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న అది. అంతకుముందంతా మేం అడగడమే, ఆయన తల ఊపడమే.

అక్షరాల అట్ట మాత్రం మా వల్ల కాలేదు. ఇంగ్లీషుకైతే 26 అక్షరాలు వరసగా పెడితే అయిపోతుంది. మనకి అచ్చులు, హల్లులు, పైన గుణింతాలు, కింద ఒత్తులు. ‘కృష్ణ’ అని వేలితో చూపించడానికి ఎన్ని గళ్లు ఉండాలి, ఏది ఎక్కడుండాలి, చూపు ఒక పక్క తగ్గినవాళ్లకి ఎంత పెద్దగా ఉండాలి? ఇది ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. భాష తెలిసి, మెదడు తెలిసినవాళ్లు కూర్చోవాలి. అంటే మీరే. ఐఐటీ బాంబే వాళ్లు జెల్లో అని, బొమ్మ నొక్కితే మాట పలికే యాప్ ఒకటి ఉచితంగా తెచ్చారు, మంచి పని. కానీ స్మార్ట్‌ఫోన్ వాడలేని, ఛార్జింగ్ పెట్టుకోలేని పెద్దవాళ్లకి కాగితం అట్టే దిక్కు. వరదలో పనికొచ్చేదీ అదే.

ఇలాంటి పని సంఘాలది కాదనే వాదన ఎవరైనా చేస్తారేమోనని రెండు ఉదాహరణలు చెబుతాను. ఆస్ట్రేలియాలో స్పీచ్ పాథాలజీ ఆస్ట్రేలియా అనే వృత్తి సంఘం 1949లో మొదలైంది. ఏటా ఆగస్టులో స్పీచ్ పాథాలజీ వారం జరిపి, వృత్తివాళ్లతో కాకుండా బయటి జనంతో మాట్లాడుతుంది. అదే దేశంలో విక్టోరియా రాష్ట్రంలోని స్కోప్ అనే సంస్థ ఒక గుర్తు తయారు చేసింది. ఏ దుకాణమో, గ్రంథాలయమో, కార్యాలయమో తమ ఉద్యోగులకి శిక్షణ ఇప్పించుకుంటే, మాట ఇబ్బంది ఉన్నవాళ్లే స్వయంగా వెళ్లి పరీక్షించి చూసి, బాగుంటే ఆ గుర్తు ఇస్తారు. వీల్‌చైర్ బొమ్మ చూస్తే ర్యాంపు ఉందని ఎలా తెలుస్తుందో, ఆ గుర్తు చూస్తే ఇక్కడ ఓపికగా వింటారని అలా తెలుస్తుంది. బ్రిటన్‌లో అక్కడి స్పీచ్ థెరపిస్టుల రాయల్ కాలేజీ, ఇతర సంస్థలు కలిసి 2020లో ఇలాంటిదే మొదలుపెట్టాయి. శిక్షణ ఆన్‌లైన్‌లో, ఉచితంగా.

మనకేం తక్కువ? మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లోనే వచ్చింది. అక్కడా సికింద్రాబాదులోనూ చదువుకుని వచ్చిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. దేశస్థాయిలో మీ సంఘం ఏటా సదస్సు జరుపుతుంది. చట్టం మీ వైపే ఉంది. 2016 చట్టం సెక్షన్ 2(ఎఫ్)లో ‘కమ్యూనికేషన్’ అంటే సంజ్ఞా భాష, బ్రెయిలీ, పెద్ద అక్షరాలతో పాటు సులభమైన భాష, మాటకి బదులు వాడే ప్రత్యామ్నాయ పద్ధతులు కూడా అని రాశారు. మా అమ్మాయి చేసిన బొమ్మల అట్టకి చట్టంలో చోటుందన్నమాట! 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా, దివ్యాంగులకి అన్నీ అందుబాటులో ఉంచే ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలు ఉండాలని చెప్పింది. ర్యాంపులు ఇంజినీర్లు కడతారు. మాటకి ర్యాంపు కట్టాల్సింది ఎవరు?

కాబట్టి మీ సంఘాలని ఇవి అడుగుతున్నాను. వైద్య ఆరోగ్య శాఖ, దివ్యాంగుల సంక్షేమ శాఖ అధికారులు కూడా ఈ లేఖని తమకు రాసినట్టే చదువుకోవాలని మనవి.

ఒకటి. తెలుగులో పరిచయ కార్డు, బొమ్మల పుస్తకం, అక్షరాల అట్ట సంఘం తరఫున తయారు చేసి, ఎవరైనా జిరాక్స్ షాపులో తీసుకునేలా ఉచితంగా పెట్టండి. విజయవాడ బొమ్మలు, గుంటూరు బొమ్మలు, పల్లె బొమ్మలు ఉండాలి. తయారీలో మాట పోయినవాళ్లని కూర్చోబెట్టుకోండి.

రెండు. పక్షవాతం రోగులుండే ప్రతి వార్డులో తెలుగు పోస్టరు. డిశ్చార్జి కాగితంలో ‘మాట పరీక్ష జరిగిందా? మింగడం పరీక్ష జరిగిందా?’ అని రెండు గళ్లు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఒక ఉత్తర్వు చాలు. ఆ ఉత్తర్వు కోసం మీ సంఘం వెంటపడాలి.

మూడు. బ్యాంకులు, వార్డు సచివాలయాలు, బస్టాండు విచారణ కౌంటర్లు, ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్లలో పనిచేసేవాళ్లకి రెండు గంటల శిక్షణ. ముందు విజయవాడ, గుంటూరుల్లో ఒక్కో చోట మొదలుపెట్టండి. మా నాన్నని తీసుకొస్తాను. ఆయన ఎదురుగా కూర్చుని ఆ రెండు గంటల్లో వాళ్లు నేర్చుకునేది ఏ స్లైడులోనూ ఉండదు.

నాలుగు. వరదలు, తుఫాన్లప్పుడు వాడే రిజిస్ట్రేషన్ ఫారంలో ‘మాట రాదు, కానీ అర్థమవుతుంది’ అనే గడి పెట్టించండి. 108కి ఫోన్ చేసి మాట్లాడలేనివాళ్లు అంబులెన్స్ ఎలా పిలవాలో తేల్చి చెప్పించండి. 2025 జనవరి నుంచి వాట్సాప్‌లో ప్రభుత్వ పనులకి ‘మన మిత్ర’ సేవలు వచ్చాయి. టైపు చేయగలిగేవాళ్లకి మేలే. చదవడం, రాయడం కూడా దెబ్బతిన్నవాళ్ల కోసం అందులో బొమ్మలు పెట్టమని చెప్పగలిగేది మీరే.

అయిదు. థెరపిస్టులకి గుర్తింపునిచ్చే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదైనవాళ్లు ఏ పేటలో ఎవరున్నారో తెలుగులో జాబితా పెట్టండి. ఏ అర్హతా లేనివాళ్ల దగ్గర డబ్బు, కాలం పోగొట్టుకున్న తల్లిదండ్రుల్ని నేను కలిశాను. అలాగే ప్రభుత్వ ఆసుపత్రుల్లో, పిల్లల కేంద్రాల్లో స్పీచ్ థెరపిస్టు పోస్టులు ఎన్ని, వాటిలో ఎంతమంది పనిచేస్తున్నారో బయటపెట్టమని ప్రభుత్వాన్ని మీ సంఘమే అడగాలి. మేం అడిగితే మెసేజ్ వస్తుంది. మీరు అడిగితే మనిషి మాట్లాడతాడు.

ఆరు. నెలకోసారి అఫేజియా ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు కలిసి కూర్చునే చోటు. ఏ గ్రంథాలయం హాలైనా సరే. ఒక సిట్టింగుకి 500 రూపాయలు పెట్టలేక మానేసినవాళ్లు మా థెరపీ గది బయట పరిచయమైనవాళ్లలోనే నలుగురున్నారు. థెరపీకి ఇది బదులు కాదని నాకు తెలుసు. కానీ ఆ నలుగురూ ఇవాళ ఎవరితోనూ మాట్లాడకుండా ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. వాళ్లలో ఒకాయన హైస్కూల్లో తెలుగు మాస్టారు.

అక్టోబరు 22న నత్తి మీద అవగాహన దినం, 29న పక్షవాత దినం అని ఏటా బ్యానర్లు కడతారు, ఫొటోలు పేపర్లో వస్తాయి. వద్దని కాదు, జరపండి. వచ్చే ఏడాది ఆ రోజుల్లో ఒక్కదాన్నైనా హోటల్ హాల్లో కాకుండా ఏదైనా వార్డు సచివాలయంలోనో, బ్యాంకులోనో జరపండి. తెలుగులో జరపండి. మా ఇళ్లవాళ్లని పిలవండి.

నెల రోజుల్లో మీ సంఘాల్లో ఎవరైనా ఒకరు జవాబు రాయాలని కోరుతున్నాను. ‘ఇది మా వల్ల కాదు’ అని రాసినా సరే, కారణం చెబితే ఇంకెవరిని అడగాలో చూసుకుంటాం.

ఇప్పుడు మా నాన్న చొక్కా జేబులో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కార్డు ఉంటుంది. కింద రాసింది అదే. నేను రాసుకున్నది, థెరపిస్టుని కాదు, తప్పులుంటే దిద్దండి. దిద్ది, మీ సంఘం పేరుతో అచ్చు వేయించండి.

‘నాకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మీరు చెప్పేది నాకు అర్థమవుతుంది.
నెమ్మదిగా, ఒక్కో ప్రశ్నే అడగండి. జవాబు కోసం కాసేపు ఆగండి.
అరవొద్దు, నాకు చెవుడు లేదు. నాతోనే మాట్లాడండి.
నా పేరు, ఇల్లు, మా అమ్మాయి ఫోన్ నంబరు, వేసుకునే మందులు వెనక పక్క ఉన్నాయి.’

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్ గారి పెద్దమ్మాయి,
సింగ్‌నగర్, విజయవాడ